రెండవమారు ఉంచిన చేయి



మేలు చేయవలెనని మనకందరికిని చిన్ననాటినుండి నేర్పబడినది. చేసిన మేలు తరువాత ఏమాయెనో తిరిగి చూడవలెనని మాత్రము మనకు అంతగా నేర్పబడలేదు. పండుగనాడు బీదవానికి వస్త్రమిచ్చుదుము. అది అతనికి సరిపోయెనో లేదో అడుగము. జబ్బుపడినవానిని పట్టణపు ఆసుపత్రికి బస్సు ఎక్కించుదుము. ఇల్లు చేరిన పిమ్మట మందు కొనుటకు అతని చేతిలో పైకమున్నదో లేదో విచారింపము. ఇచ్చిన క్షణముననే మన మనస్సు తృప్తిపడి తలుపు వేసికొనును. ఆ తలుపు వెలుపల నిలిచిపోయిన మనుష్యునిగూర్చి మీతో కూడ కొంచెము ఆలోచింపగోరుచున్నాను. ఈ ఆలోచనకు కంటి వైద్యమును ఆధారముగా తీసికొందును. ఏలయనగా అక్కడ ఈ ప్రశ్న దాగుకొనుటకు చోటు లేదు. చూపు వచ్చెనా, రాలేదా, వచ్చినది నిలిచెనా, పోయెనా అనునది లెక్కకు దొరకు సంగతి.

బేత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతము మీరెరిగినదే. సువార్తలలోని స్వస్థతలలో అది ఒక విధముగా ఒంటరిది. తక్కిన గ్రుడ్డివారి విషయములో పని ఒక్కసారిగా ముగిసినది. ఇక్కడ ప్రభువు అతని కన్నులమీద చేయి ఉంచిన తరువాత, ఏమైనను కనబడుచున్నదా యని అతనినే అడిగెను. ఆ బీదవాడు మొగమాటపడలేదు. తనకు మేలు చేసిన వానిని సంతోషపెట్టుటకు అంతయు బాగుగనే యున్నదని చెప్పలేదు. మనుష్యులు నడుచుచున్న చెట్లవలె మసకగా ఉన్నారని ఉన్నదున్నట్లు చెప్పెను. అప్పుడు ప్రభువు రెండవమారు చేయి ఉంచెను. అడుగుట, నిజము చెప్పుట, మరల చేయి ఉంచుట: ఈ మూడును కూడినప్పుడే ఆ స్వస్థత సంపూర్ణమాయెను. ఈ మూడు సంగతులను మనస్సునందుంచుకొని ముందుకు చదువుడి.

కంటిలో పువ్వు పడుట అను మాట మన పల్లెలలో ఎరుగనివారు లేరు. నల్లగుడ్డు మీద గడియారపు అద్దమువలె అమరియున్న పలుచని పొర ఒకటి కలదు. వైద్యులు దానిని కార్నియా యందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు; అడ్డకొలత 11 లేక 12 మిల్లీమీటర్లు. అందులో రక్తనాళములు లేవు. అందుచేతనే అది స్వచ్ఛముగా నుండి వెలుగును లోనికి పోనిచ్చును. కోతలలో వరికంకి గీరినను, కంది మోడు తగిలినను, కలుపు తీయునప్పుడు ఆకు అంచు కోసినను ఆ పొరకు గాయమగును. ఆ గాయములో బూజుగాని సూక్ష్మక్రిములుగాని చేరినచో పుండు పడును. పుండు మానినను మచ్చ మిగులును. ఆ తెల్లని మచ్చయే పువ్వు. పేరు అందమైనదే, కాని అది పూచిన కంటికి పగలే రాత్రి యగును.

శుక్లము వేరు, పువ్వు వేరు. శుక్లమనగా కంటి లోపలి కటకము మసకబారుట. దానిని తీసివేసి చేసిన కటకమును పెట్టుదురు. పువ్వు ముదిరిన కంటికి అంత సులభమైన దారి లేదు. సాధారణముగా చనిపోయిన ఒకరి కంటినుండి తీసిన స్వచ్ఛమైన పొరను, చెడిన పొరకు బదులుగా అమర్చి, వెండ్రుకకంటె సన్నని దారముతో కుట్టవలెను. ఒకని మరణము మరియొకని చూపగును. ఇంత గంభీరమైన ఇచ్చిపుచ్చుకొనుట మనుష్యుల మధ్య అరుదు.

ఈ వైద్యము మొదటినుండియు సగము జయముతో, సగము అపజయముతో నడచినది. 1905వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన, మొరావియా దేశమందలి ఓలోమోత్స్ పట్టణములో ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నము పడి రెండు కన్నులును పోయిన ఒక కూలివానికి ఈ శస్త్రచికిత్స చేసెను. ఇనుపముక్క తగిలి తీసివేయవలసి వచ్చిన ఒక పదునొకండేండ్ల బాలుని కంటినుండి ఆ పొరలు వచ్చినవి. రెండు కన్నులకును అమర్చిరి. ఒకటి చెడిపోయినది, ఒకటి నిలిచినది. నిలిచిన ఒక కంటితో ఆ కూలివాడు తిరిగి తన పనికి పోయెను. లోకములో జయప్రదమైన మొదటి కార్నియా మార్పిడి ఇదేయని చెప్పుదురు. చెడిపోయిన ఆ రెండవ కంటినిగూర్చి చెప్పువారు తక్కువ.

మన దేశమునకు వత్తము. 1945లో మద్రాసులో తొలి నేత్రనిధి ఏర్పడినది. మన తెలుగు నేలమీద ఈ పనికి పేరుపొందిన స్థలము హైదరాబాదు. అక్కడ బంజారా హిల్స్‌లో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి నాయకత్వమున ఒక నేత్ర వైద్య సంస్థ పని ప్రారంభించెను. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారు స్థలమును ధనమును ఇచ్చుటచేత దానికి ఆయన పేరు వచ్చెను. కృష్ణా జిల్లా పల్లెటూరి బిడ్డయైన నాగేశ్వరరావుగారు గుంటూరులో వైద్యము చదివి, అమెరికాలో పనిచేసి, తిరిగి స్వదేశమునకు వచ్చినవారు. 1989లో ఆ సంస్థకు రామాయమ్మ పేరిట నేత్రనిధి ఏర్పడెను. నేటికి అక్కడ జరిగిన కార్నియా మార్పిడులు యాబది వేలు దాటినవి. చేయు సేవలో సగము బీదలకు ఉచితము. ఇదంతయు కొనియాడదగినదే, కాని నేను మీ దృష్టికి తేగోరునది వేరొక సంగతి.

ఆ సంస్థ తన మొదటి సంవత్సరములలో చేసిన 1,964 మార్పిడులను తీసికొని, వాటిలో 1,725 కండ్ల తరువాతి చరిత్రను వైద్యులు ఒక్కొక్కటిగా వెదకి లెక్కించిరి. డాక్టరు లలిత్ దండోనా, నాగేశ్వరరావుగారు మొదలగువారు ఆ లెక్కను 1997లో ఇంగ్లండు నేత్ర వైద్య పత్రికయందు ప్రకటించిరి. మొదటిసారి మార్పిడి చేసిన కండ్లలో ఒక సంవత్సరమునకు స్వచ్ఛముగా నిలిచినవి నూటికి 79.6. రెండేండ్లకు 68.7. అయిదేండ్లకు 46.5 మాత్రమే. అనగా అయిదేండ్లు తిరుగునప్పటికి సగమునకు పైగా పొరలు మరల మసకబారినవి. ఇవి ఆ కాలపు అంకెలు. ఇప్పుడు పొర యంతయు మార్చక చెడిన వరుసను మాత్రము మార్చు పద్ధతులు వచ్చినవి, మందులును మెరుగుపడినవి. అయినను ఆనాడు ఆ అంకెలను చూచినవారి మనస్సు ఎట్లుండి యుండునో ఊహించుడి.

చదువరీ, ఒక్కసారి మన సంగతి తలంచుకొందము. మన సంఘములలో సంవత్సరాంత నివేదిక వ్రాయునప్పుడు ఏమి వ్రాయుదుము? ఎన్ని కూటములు జరిగినవి, ఎంతమందికి దుప్పట్లు పంచితిమి, ఎంతమంది పిల్లలను బడికి పంపితిమి అని వ్రాయుదుము. ఆ పిల్లలలో ఎందరు మధ్యలో బడి మానిరో వ్రాయుదుమా? ఆ వైద్యులును ఆ విధముగనే చేసియుండవచ్చును. శస్త్రచికిత్స జరిగిన మరుసటి దినము కట్టు విప్పగానే వెలుగు చూచి ఏడ్చిన వారి సంఖ్యను మాత్రమే ప్రకటించినచో లోకము చప్పట్లు కొట్టియుండును. వారట్లు చేయలేదు. అయిదేండ్ల తరువాత వెదకి, ఇప్పుడేమి కనబడుచున్నదని అడిగిరి. వచ్చిన జవాబు తమ గౌరవమునకు చాలినదో కాదో చూడక దానిని అచ్చువేసిరి. నిజాయితీగల లెక్కయు ఒక విధమైన కరుణయే. దాచిన అపజయమునకు రెండవమారు చేయి ఉంచువాడు ఉండడు గదా.

అయితే ఈ లెక్క చదివినవానికి ఒక కఠినమైన ప్రశ్న ఎదురగును. అందరి కండ్లును ఒక్కటిగా లేవు. కెరటోకోనస్ అను ఒక జబ్బు కలదు. అది సాధారణముగా యౌవనమందు వచ్చును. పొర పలుచబడి శంకువువలె ముందుకు వచ్చును. ఆ జబ్బుకు మార్పిడి చేసిన కండ్లలో అయిదేండ్లకు నూటికి 95.1 నిలిచినవి. ఇదివరకే ఒక మార్పిడి చెడిపోయి మరల చేయించుకొన్నవారిలో 21.2 మాత్రమే నిలిచినవి. పుండు మచ్చలలోనికి రక్తనాళములు పాకిన కండ్లలో చెడుట ఎక్కువ. అంతేగాక, తక్కిన కారణములను వేరుచేసి చూచినను, బీదవారి కండ్లలో పొర చెడుట ఎక్కువని తేలినది.

ఇప్పుడు ఇద్దరు మనుష్యులను ఊహించుకొందము. మొదటివాడు ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న యువకుడు. అశోక్‌నగర్ శిక్షణ తరగతులకు పోవుచు, హైదర్‌గూడలో అద్దెగదిలో నుండి, చిక్కడపల్లిలోని నగర గ్రంథాలయములో పొద్దస్తమానము పుస్తకముల ముందు కూర్చుండును. అతనిది కెరటోకోనస్. రెండవవాడు పాలమూరు జిల్లా లోపలి గ్రామమునకు చెందిన కూలివాడు. చిన్నతనములో తట్టు వచ్చినప్పుడు ఒక కన్ను పోయినది. పెద్దవాడైన తరువాత కంప తగిలి రెండవ కంటిలో పువ్వు పడినది. నేత్రనిధిలో ఈ దినము ఒక్క పొర మాత్రమే యున్నది. దానిని ఎవరికి ఇయ్యవలెను?

యువకునికే ఇయ్యవలెనని చెప్పువారి మాట తేలికైనది కాదు. ఆ పొర ఎవరో దుఃఖములోనున్న కుటుంబము తమ మృతుని ముఖము చూచుచు ఇచ్చిన కానుక. అట్టి కానుకలు కొద్ది. నిలుచు చోట పెట్టుటయే ఇచ్చినవానికి చూపు నమ్మకత్వము. ఒక్క కుంచెడు విత్తనమే యున్న రైతు దానిని రాతినేలపై చల్లడు. పైగా ఆ కూలివాని కంటిలో పొర చెడిపోయినచో అతడు రెండుమారులు నష్టపడును. దారిఖర్చులకు అప్పు చేసియుండును. వచ్చిన ఆశ పోయినప్పటి చీకటి మొదటి చీకటికంటె చిక్కనైనది. అంకెలను చూడని జాలి ఇట్లు హాని చేయగలదు.

కూలివానికే ఇయ్యవలెనని చెప్పువారి మాటయు అట్టిదే. ఆ యువకునికి రెండు కండ్లున్నవి. అతని జబ్బుకు గట్టి కాంటాక్టు లెన్సులతో చాలకాలము చదువుకొనుటకు వీలు కలుగవచ్చును. కూలివానికి ఈ ఒక్క కన్నే దారి. చూపు వచ్చినచో అతడు మరల పనికి పోవును. ఇంటియొద్ద అతని చేయి పట్టుకొని నడిపించుచున్న బిడ్డ బడికి పోవును. ఆ పొర మూడేండ్లే నిలిచెననుకొనుడి. ఆ మూడేండ్లు ఎవరైనను వ్యర్థమనగలరా?

నేను ఈ రెండు వాదములను చాల దినములు మనస్సులో త్రిప్పి చూచితిని. నాకు తోచినదేమనగా, రాతినేల అను ఉపమానమందే ఒక పొరపాటు దాగియున్నది. ఆ కూలివాని కన్ను స్వభావముచేత రాతినేల యగుట కొంతవరకే నిజము. రక్తనాళములు పాకిన మచ్చ కష్టమైన నేలయే, దానిని కాదనలేము. కాని బీదతనము కంటిలో పుట్టు జబ్బు కాదు. కార్నియాకు ధనవంతుడెవడో బీదవాడెవడో తెలియదు. మరి బీదవాని పొర ఏల ఎక్కువగా చెడినది? శస్త్రచికిత్స తరువాత జరుగవలసిన పనిని చూచినచో జవాబు కొంత తెలియును. నెలల తరబడి చుక్కల మందు తప్పక వేయవలెను. ఆ మందు అయిపోయినప్పుడు మరల కొనవలెను. కుట్టు వదులైనచో వెంటనే తీయించుకొనవలెను. లేనియెడల దాని దగ్గర క్రిములు చేరును. కన్ను ఎర్రబడినను, వెలుగు చూడలేకపోయినను, నొప్పి పుట్టినను, చూపు తగ్గినను, దేహము ఆ పరాయి పొరను త్రోసివేయుచున్నదని అనుమానింపవలెను. ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోయినచో చాలమారులు దానిని రక్షింపవచ్చును. హైదర్‌గూడ యువకుడు సిటీ బస్సు ఎక్కి ఆ ప్రొద్దుననే బంజారా హిల్స్ చేరును. పాలమూరు కూలివాడు ఆ దినపు కూలి వదలుకొనవలెను, బస్సుకు అప్పు చేయవలెను, తోడు రావలసిన భార్య కూలియు వదలుకొనవలెను. సంత దినము పోయిన తరువాత పోవుదము, కోతలు అయిన తరువాత పోవుదము అని అతడు వాయిదా వేయును. కన్ను వాయిదా వేయదు.

కాబట్టి ఆ లెక్కలో చెడినట్లు వ్రాయబడిన పొరలన్నియు వైద్యుని చేతిలో చెడినవి కావు. కొన్ని రాతిరివేళ బస్సు లేనందున చెడినవి. కొన్ని మందు సీసా వట్టిపోయినందున చెడినవి. కొన్ని, కన్ను ఎర్రబడినదని గమనించి, పద పోవుదమని చెప్పు పొరుగువాడు లేనందున చెడినవి. శస్త్రచికిత్స అనునది మొదటి స్పర్శ. అది వైద్యునిది. రెండవ స్పర్శ మనదై యుండవలెను. ఎవరికి ఇయ్యవలెనని నన్నడిగినచో, రెండు కండ్లును లేనివానికే ముందుగా ఇయ్యుడని చెప్పుదును. అయితే ఒక షరతు పెట్టుదును. ఆ షరతు అతనిమీద పెట్టను, అతని ఊరిమీద పెట్టుదును. ఈ కంటిని మేము కాచుకొందుమని ఆ ఊరు మాట ఇయ్యవలెను. అట్లు మాట ఇచ్చు ఊరు లేనప్పుడు, నిలుచు చోట పెట్టుడని చెప్పు వాదమునకు జవాబు చెప్పుట నాకు సాధ్యము కాదు. అందుచేతనే ఈ ప్రశ్న వైద్యుల గదిలో ముగియక మన వాకిటికి వచ్చుచున్నది.

ఇంకొక లెక్కను కూడ మీ యెదుట పెట్టుదును. 1996 మొదలు 2000 వరకు హైదరాబాదు నగరములోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామములలోను 10,293 మంది కండ్లను వైద్యులు పరీక్షించిరి. ఒక కంటనైనను కార్నియా జబ్బుచేత చూపు పోయినవారిని చూచి, వాటి కారణములను విభజించిరి. నూటికి 36.7 చిన్నతనమందలి కంటి పుండ్లవలన, 28.6 గాయములవలన, 17.7 పెద్దతనమందలి పుండ్లవలన కలిగినవి. వీటిలో నూటికి సుమారు 95 తప్పింపదగినవేయని వారు తేల్చిరి. నూటికి తొంబదియయిదు! అనగా ఆ పువ్వులలో మిక్కిలి తక్కినవి పూయవలసిన అవసరమే లేదు. మార్పిడికి పొర ఎవరికి ఇయ్యవలెనని మనము ఇంతసేపు వాదించితిమి. ఆ వాదము ప్రారంభము కాకముందే మన ఇండ్లలో, మన పొలములలో, చేయదగిన పని చేయక విడిచితిమి.

అది ఏ పని? తట్టు రాకుండ పసిబిడ్డకు టీకా వేయించుట, విటమిన్ ఏ చుక్కలు వేయించుట. కంటిలో నలక పడినప్పుడు చీర చెంగుతోగాని నాలుకతోగాని తీయకుండుట. ఆకుపసరు, చనుబాలు కంటిలో పిండకుండుట. మందుల దుకాణములో అడిగి తెచ్చిన ఏదో చుక్కల మందు వేయకుండుట. ఆ చుక్కలలో కొన్నిటియందు స్టెరాయిడ్ ఉండును, బూజువలన వచ్చిన పుండుకు అది ఎండుగడ్డికి నిప్పువంటిది. హైదరాబాదులోని ఆ సంస్థయే 1991 మొదలు 2000 వరకు బూజువలన పుండుపడినవారిని 1,352 మందిని లెక్కించినప్పుడు, వారిలో సగమునకు పైగా ముందు గాయమైనవారే యని కనుగొనెను. గాయమైన దినముననే కంటి వైద్యుని యొద్దకు పోవుటకంటె గొప్ప శస్త్రచికిత్స లేదు.

ఇందుకు నేపాలు దేశమునుండి ఒక దృష్టాంతము కలదు. అక్కడ భక్తపూరు ప్రాంతమున 34,902 మంది జనులను గ్రామ కార్యకర్తలు రెండేండ్లు కనిపెట్టియుండిరి. కంటిపొర గీరుకొన్నవారికి క్లోరాంఫెనికాల్ లేపనమును దినమునకు మూడుమారులు, మూడు దినములు వేసిరి. గాయమైన 18 గంటలలోగా మందు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికైనను పుండు పడలేదు. ఇది 2001లో ప్రకటింపబడినది. తరువాత అదే దేశములో ఇంకను పెద్ద పరిశోధన యొకటి జరిగినది. కార్యకర్తలున్న గ్రామములకును లేని గ్రామములకును పుండ్ల సంఖ్యలో చెప్పదగిన తేడా కనబడలేదని 2022లో ప్రకటించిరి. అందులకు మనము నిరుత్సాహపడనక్కరలేదు. త్వరగా చూపించుకొనుమను మాట దానివలన అబద్ధము కాలేదు. గ్రామమంతటికి ఆ మాటను చేర్చు మార్గము మనము తలంచినంత సులభము కాదని మాత్రము తేలినది. మంచి ఫలితము వచ్చినచోటనే నిలిచిపోక మరల అడిగిరి, వచ్చిన జవాబును దాచలేదు. సత్యము ఈలాగుననే నడచును.

ఇక ఇచ్చువారి సంగతి. పొర ఇచ్చువారు లేనిదే ఈ ప్రశ్నలేవియు లేవు. మన సంఘములలో ఈ విషయమున ఒక భయము కలదు. దేహమును సంపూర్ణముగా సమాధి చేయవలెను గదా, కన్ను తీసివేసినచో పునరుత్థాన దినమున ఎట్లు లేతుము అని వృద్ధులు అడుగుదురు. ఈ భయమును నవ్వి త్రోసివేయుట తగదు. అది మృతులను గౌరవించు ప్రేమనుండి పుట్టినది. అయితే వారితో మెల్లగా ఇట్లు చెప్పుడి. హైదర్‌గూడ దాపున నారాయణగూడలో మన క్రైస్తవుల సమాధుల తోట యున్నది. అక్కడ ఎన్నో తరములవారు నిద్రించుచున్నారు. వారి కన్నులు నేడు ఎక్కడ నున్నవి? మన్ను వాటిని ఎప్పుడో తీసికొన్నది. సముద్రములో పోయిన జాలరులున్నారు, అగ్నిలో కాలిపోయిన సాక్షులున్నారు. వారిని లేపగలవానికి ఒక పలుచని పొర కొరత యగునా? కొన్ని దినములలో మట్టియగు దానిని, కొన్ని యేండ్లు వెలుగగునట్లు ఇచ్చుటలో దేహమునకు అవమానమేమియు లేదు.

ఇచ్చు విధము కష్టమైనది కాదు. ముందుగా పేరు వ్రాయించుకొనకున్నను, మరణ సమయమున కుటుంబము సమ్మతించిన చాలును. మరణమైన ఆరు గంటలలోగా నేత్రనిధివారు రావలెను. కాబట్టి వెంటనే వర్తమానము పంపవలెను. వారు వచ్చువరకు రెప్పలు మూసి, తడి దూది ఉంచి, తల క్రింద దిండు పెట్టి, పంకా ఆపవలెను. పని అరగంటలోపల ముగియును. ముఖము వికారము కాదు. కండ్లజోడు పెట్టుకొనువారును, శుక్లము తీయించుకొన్నవారును, చక్కెర వ్యాధి గలవారును ఇయ్యవచ్చును. ఇచ్చిన ప్రతి పొరయు మార్పిడికి తగియుండదు; తగనివి వైద్యుల శిక్షణకును పరిశోధనకును ఉపయోగపడును.

చివరగా, సంఘ పెద్దలకును స్త్రీల సమాజమునకును ఒక మనవి. మీ గ్రామములో కంటి శస్త్రచికిత్స చేయించుకొన్నవారి పేర్లను ఒక పుస్తకములో వ్రాయుడి. ఎవరెవరు ఏ తేదీన మరల చూపించుకొనవలెనో వారి పేరు ఎదుట వ్రాయుడి. ఆరాధన ముగిసిన తరువాత ఆ పుస్తకమును తెరచి, ఈ వారము పోవలసినవారెవరో చదువుడి. దారిఖర్చు లేనివానికి కానుకలనుండి కొంచెము తీసి ఇయ్యుడి. తోడు లేనివానికి ఒక యువకుని తోడుగా పంపుడి. ఆ రోగి మన సంఘస్థుడా, వేరొకడా యని చూడకుడి. కంటికి మతము లేదు. సంవత్సరము చివర ఎన్ని కండ్లు నిలిచినవో, ఎన్ని పోయినవో రెండును చదువుడి. పోయినవాటిని చదువునప్పుడు సిగ్గుపడవలసినది ఆ రోగి కాదు. మనమెక్కడ ఆలస్యము చేసితిమో ఆ పుస్తకమే చెప్పును.

చదువరీ, నీ పొరుగువానికి నీవు చేసిన ఒక మేలు నీకిప్పుడు జ్ఞాపకము వచ్చుచుండవచ్చును. అది కంటి సంగతియే కానక్కరలేదు. అప్పు కావచ్చును, బడి కావచ్చును, పెండ్లి కావచ్చును. ఈ వారములో ఒక సాయంకాలము అతని ఇంటికి పొమ్ము. నీవు చేసిన మేలును పొగడించుకొనుటకు పోవద్దు. ఇప్పుడెట్లున్నదని అడుగుము. మసకగా నున్నదని అతడు చెప్పినచో నొచ్చుకొనకుము. నీవు మరల చేయి చాపవలసిన చోటు అతడు నీకు చూపించుచున్నాడు.